హాస్టల్లో దింపే ముందు అడగాల్సిన ప్రశ్న

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయ్యి సీటు ఖరారైతే చాలు, విజయవాడ, గుంటూరు బస్టాండ్ల నిండా పెట్టెలూ, కొత్త బకెట్లూ, వాటి వెనకాల తల్లిదండ్రులూ. వడ్డేశ్వరం, కానూరు, నంబూరు, వడ్లమూడి... ఏ కాలేజీ ఆఫీసు ముందు నిలబడ్డా వినిపించే ప్రశ్నలు అవే. ఫీజు ఎన్ని విడతల్లో కట్టాలి, మెస్‌లో ఏం పెడతారు, ఆదివారం బయటికి పంపిస్తారా. "మీ ఇంటర్నల్ కమిటీలో ఎవరెవరున్నారండీ?" అని అడిగేవాళ్లు మాత్రం అరుదు.

లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ అది. పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 నాటి చట్టం, 2015లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) తెచ్చిన నిబంధనల ప్రకారం డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఉండి తీరాలి. సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షురాలిగా ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు కావాలి, బయటి సంస్థ నుంచి ఒకరుండాలి. రిజిస్ట్రార్, డీన్, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) లాంటి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు సభ్యులుగా ఉండకూడదు. బోర్డు మీద హెచ్‌ఓడీ పేరు కనిపించిందంటే ఆ కమిటీ కాగితాల కోసం వేసిందేమోనని అనుమానించాల్సిందే. పేర్ల పక్కన నంబర్లున్నాయా, ఆ మేడమ్ ఇంకా అక్కడే పనిచేస్తున్నారా అని కనుక్కోండి. అక్కడే నిలబడి ఒకసారి ఫోన్ చేసి చూసినా తప్పేం లేదు.

అమ్మానాన్నలకు ఇంకో మాట. ఏదైనా జరిగితే పిల్లలు ఇంట్లో చెప్పకపోవడానికి చాలాసార్లు కారణం అవతలివాడంటే భయం ఒక్కటే కాదు, మీరు చదువు మాన్పించి ఇంటికి తీసుకొచ్చేస్తారన్న భయం కూడా. ఆ వెంటనే సంబంధాలు చూడటం మొదలుపెడతారన్న భయం. అందుకే దింపి వచ్చేటప్పుడే నోరు తెరిచి చెప్పండి: "ఏం జరిగినా నీ చదువు ఆపం, నిన్ను తిట్టం, ముందు మాకు చెప్పు." పరువు, నలుగురూ ఏమనుకుంటారు లాంటి మాటలు ఆ రోజుకి ఇంట్లోనే వదిలేసి వెళ్లండి.

ఇక అమ్మాయిలతో.

ప్రేమించినవాడు ఇన్‌స్టా పాస్‌వర్డ్ అడగడం, రోజంతా లొకేషన్ ఆన్‌లో ఉంచమనడం, ఫ్రెండ్స్‌తో మాట్లాడితే అలగడం, అలిగి చెయ్యి చేసుకోవడం, మళ్లీ ఏడ్చి కాళ్లు పట్టుకోవడం. ఇది ప్రేమ ఎక్కువై కాదు. ఇలాంటివాడితో తెగతెంపులు చేసుకునే సమయమే అన్నిటికంటే ప్రమాదం. "ఆఖరిసారి ఒక్కసారి కలుద్దాం, బ్యారేజీ దగ్గరికి రా" అంటే ఒంటరిగా వెళ్లొద్దు. చెప్పాల్సింది ఫోన్లోనే చెప్పేయండి. వెళ్లక తప్పదనుకుంటే నలుగురూ ఉండే చోటికి, పగటిపూట, తోడుతో వెళ్లండి, ఎక్కడికి వెళ్తున్నారో రూమ్మేట్‌కి చెప్పి మరీ వెళ్లండి.

ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తే డబ్బులివ్వొద్దు, చాట్ డిలీట్ చెయ్యొద్దు. టెన్షన్‌లో అందరూ మొదట చేసేది డిలీటే. అవతలి నంబరూ తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి, నమ్మకమైన ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి. ఒక్కసారి చూడగానే మాయమయ్యే మెసేజ్ అయితే వేరే ఫోన్‌తో ఫొటో తియ్యండి. తర్వాత సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

అత్యాచారం జరిగితే గంటలు లెక్క. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. గర్భం రాకుండా వేసే మాత్రకూ అదే తొందర. వీలైతే స్నానం చెయ్యకుండా, బట్టలు ఉతకకుండా ఆస్పత్రికి వెళ్లండి. విప్పిన బట్టలు ప్లాస్టిక్ కవర్లో కాదు, కాగితం సంచిలో పెట్టండి. స్నానం చేసేసినా సరే, ఆలస్యమైనా సరే, వెళ్లండి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాస్పత్రి) అయినా వీధి చివరి ప్రైవేటు ఆస్పత్రి అయినా ఉచితంగా వైద్యం చెయ్యాల్సిందే, ముందు ఎఫ్ఐఆర్ తెమ్మనడానికి వీల్లేదు. ఆస్పత్రి పోలీసులకు కబురు చేస్తుంది కానీ, మీ అంగీకారం లేకుండా పరీక్ష చెయ్యకూడదు. యోనిలో వేళ్లు పెట్టి చూసే ఒకప్పటి రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు ఎప్పుడో తప్పుపట్టింది. ఎవరైనా చేస్తామంటే వద్దనండి.

"మా పరిధి కాదు, తాడేపల్లి వెళ్లండి" అని స్టేషన్లో తిప్పితే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాసుకోవాలి. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం, కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టినా నేరమే. పద్దెనిమిదేళ్లు నిండని ఇంటర్ పిల్లల విషయంలో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) వర్తిస్తుంది. సంగతి తెలిసిన లెక్చరరైనా వార్డెనైనా పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెట్టడం కుదరదు.

ఆపదలో 112, మహిళల హెల్ప్‌లైన్ 181. పోలీసు, వైద్యం, లాయరు, తాత్కాలిక వసతి ఒకేచోట చూసే సఖి కేంద్రానికి కూడా 181 ద్వారానే వెళ్లొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబరు 15100. రాత్రిళ్లు నిద్ర పట్టక, ఎవరితోనూ చెప్పుకోలేకపోతుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. తెలుగులోనే మాట్లాడతారు.

మొదట చెప్పిన ఇంటర్నల్ కమిటీకి రాసే ఫిర్యాదు తెలుగులో రాసినా చాలు. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ, ఏమన్నాడు, ఏం చేశాడు, పక్కన ఎవరున్నారు. అవతలివాడు సారైనా, సీనియరైనా, క్యాంటీన్ కుర్రాడైనా ఇవ్వొచ్చు. అబ్బాయిలకూ ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకూ ఈ నిబంధనలు వర్తిస్తాయి. ఫిర్యాదుకు గడువు ఘటన జరిగిన నాటి నుంచి మూడు నెలలు, సరైన కారణముంటే ఇంకో మూడు నెలలు ఇస్తారు. కానీ సీసీటీవీ రికార్డు అన్నాళ్లు ఉండదు, కాబట్టి దాన్ని భద్రపరచమని మొదటి రోజే రాసివ్వండి. మీ పేపర్లు దిద్దేది అతనే అయితే విచారణ ముగిసేదాకా అతన్ని మూల్యాంకనం నుంచి తప్పించమనీ, మీకు సెలవు కావాలనీ అడగొచ్చు. ఆ సెలవు మూడు నెలల దాకా ఇచ్చే వీలుంది.

అందినట్టు సంతకం, తేదీ ఉన్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. "కూర్చుని మాట్లాడుకుందాం" అని రాజీకి పిలిస్తే, మీరు కోరితే తప్ప అది జరగకూడదని గుర్తుంచుకోండి, డబ్బు ముట్టజెప్పే రాజీ అసలు చెల్లదు. విచారణ తొంభై రోజుల్లో ముగియాలి. తీర్పు నచ్చకపోతే ముప్పై రోజుల్లోపు సంస్థ యాజమాన్యానికి అప్పీలు పెట్టుకోవచ్చు. కమిటీలో కేసు నడుస్తోందని పోలీసు కేసు ఆగనక్కర్లేదు, రెండూ పక్కపక్కనే నడవొచ్చు.