ముసురులో ఓట్స్ కుకీలు: ఒక రిటైరైన సైన్సు మాస్టారి కొలతలు

ముప్పై రెండేళ్లు పిల్లలకు ఫారన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చడం నేర్పాను. అలాంటివాణ్ని, మా అమ్మాయి ఫోనులో "మూడు వందల యాభై డిగ్రీలు పెట్టు నాన్నా" అంటే, మా ఓటీజీ (కరెంటు ఓవెను) మీద 250కి మించి అంకె లేదు కదా, ఉన్నంతలో ఎక్కువ పెడదామని చివరిదాకా తిప్పేశాను. ఎనిమిది నిమిషాల్లో వంటిల్లంతా పొగ. నడుమ పచ్చి, అడుగున బొగ్గు. మా ఆవిడ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమండీ, ఇది నా వంటింట్లో చేశారా, మీ బడి ల్యాబులో చేశారా?" అని అడిగింది. 350 ఫారన్‌హీట్ అంటే 177 సెల్సియస్. ముప్పై రెండు తీసేసి, అయిదుతో హెచ్చించి, తొమ్మిదితో భాగించాలి. ఇక్కడ రాసుకున్నది నాకోసమే.

ఈ కుకీలను నేను మొదట తిన్నది 2022 అక్టోబరులో, అమెరికాలోని కొలంబస్‌లో, మా అమ్మాయి ఇంట్లో. అక్కడ అది ఆకులు రాలే కాలం. చెట్లలో పత్రహరితం తగ్గిపోయి అంతదాకా దాని మాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు కొత్తగా పుడుతుంది. ఇళ్ల గుమ్మాల ముందు గుమ్మడికాయలు పేర్చి ఉన్నాయి. ఏ అంగడిలో అడుగుపెట్టినా దాల్చినచెక్క వాసన. గుమ్మడి మసాలా అని అక్కడ అమ్మే పొడిలో గుమ్మడికాయ ఉండదు. అందులో ఉండేవి దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం లాంటివి. వాళ్లు ఏడాదంతా ఎదురుచూసే ఆ వాసన మా అమ్మ జలుబు చేస్తే దించే కషాయం డబ్బాదే.

మా కావలిలో ఆ నెలలు వేరు. ఆశ్వయుజం, కార్తీకం శరదృతువని పంచాంగం అంటుంది. వెన్నెల పిండారబోసినట్టు ఉంటుందని కవులు అంటారు. మాకు మాత్రం అది వానాకాలం. నెల్లూరు జిల్లాకు వానల్లో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. తుమ్మలపెంట సముద్రం వైపు నుంచి తడిగాలి కొడుతుంటే అగ్గిపుల్ల కూడా ఒక పట్టాన వెలగదు. కొలంబస్ వంటకం పొడిగాలికి రాసుకున్నది. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ చేస్తే వెన్న జారిపోతుంది, ఓట్స్ మెత్తబడతాయి, పైన అద్దిన పంచదార పూత రాత్రంతా ఉంచినా ఆరదు. ఈ కింద చెప్పేవన్నీ ఆ తేమతో పోట్లాడి మార్చుకున్నవి.

ముందు కప్పుల లెక్క మానేయండి. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. అందులో మైదా వదులుగా పోస్తే 120 గ్రాములు పడుతుంది, కుక్కితే 150 పడుతుంది. ఆ ముప్పై గ్రాముల తేడాతో కుకీ కాస్తా రాయి అవుతుంది. వంటింటి త్రాసు ఒకటి కొనుక్కోండి.

ఇరవై కుకీలకు ఉప్పు లేని వెన్న 120 గ్రాములు, రోల్డ్ ఓట్స్ 100, మైదా 125, జల్లించిన బెల్లం పొడి 70, పంచదార 50, గుడ్డు ఒకటి, వంటసోడా అర టీస్పూను, ఉప్పు పావు టీస్పూను, వెనీలా ఒక టీస్పూను కావాలి. మసాలాకు దాల్చినచెక్క పొడి టీస్పూనున్నర, శొంఠి పొడి అర టీస్పూను, జాజికాయ పావు టీస్పూను అరగదీసింది, లవంగం పొడి ఒకే ఒక చిటికెడు. లవంగం రెండో చిటికెడు పడిందంటే కుకీ తింటుంటే పళ్ల డాక్టరు గుర్తుకొస్తాడు. పూతకు ఐసింగ్ షుగర్ 120 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు నాలుగైదు టీస్పూన్లు.

అక్కడ వాడేది బ్రౌన్ షుగర్. అది పంచదారకు చెరకు మడ్డి కలిపినదే కాబట్టి మన బెల్లం దానికి దగ్గర చుట్టం. అయితే బెల్లం గాలిలోని తడిని ఇంకా ఎక్కువ పీలుస్తుంది. మొత్తం బెల్లమే వేస్తే రుచి బాగుంటుంది కానీ సాయంత్రానికి కుకీ అరిసెలా సాగుతుంది. 70కి 50 అన్న లెక్క నాకు నాలుగో సారికి కుదిరింది. ముద్ద బెల్లం వద్దు, పొడే వాడండి. అదీ జల్లించాలి. పంటికింద ఇసుక తగిలితే ఎంత మసాలా వేసినా దండగ.

ఇక వెన్న. అసలు సంగతంతా ఇక్కడే ఉంది కనుక కాస్త నిదానంగా చెబుతాను. అమ్మాయి మెత్తటి వెన్నను పంచదారతో గిలకొడుతుంది. మా వంటింట్లో ముప్పై డిగ్రీల దగ్గర వెన్న మెత్తగా ఉండదు, నూనెలా ఉంటుంది. అందుకని నేను దాన్ని ఎలాగూ కాచేస్తాను. అడుగు మందంగా ఉన్న గిన్నెలో, అడుగు రంగు కనబడే స్టీలుదైతే మంచిది, 120 గ్రాముల వెన్న వేసి సన్నటి సెగ పెట్టండి. మొదట చిటపటలాడుతుంది. అది వెన్నలోని నీరు పోతున్న చప్పుడు. వెన్నలో ఆరో వంతు దాకా నీరే ఉంటుంది. చప్పుడు తగ్గి పైన తెల్లటి నురుగు లేస్తుంది. అప్పుడు గరిటెతో అడుగు గీకుతూ ఉండాలి. నేను ఉదయగిరి చెక్క గరిటె వాడతాను, గిన్నె గీసుకుపోదు, చెయ్యి కాలదు. నురుగు పక్కకు తోసి చూస్తే అడుగున రేణువులు తెల్లగా ఉండి, తేనెరంగులోకి తిరిగి, చూస్తుండగానే ఎర్రబడతాయి. జీడిపప్పు వేయించిన వాసన వస్తుంది. నెయ్యి కాచే అలవాటున్నవాళ్లు ఇక్కడ వడకట్టి మడ్డి పక్కన పెడతారు. మనం వడకట్టం. ఆ ఎర్రటి రేణువుల్లోనే రుచి ఉంది. స్టవ్ కట్టేసి వెంటనే వేరే గిన్నెలోకి వంచండి, లేకపోతే గిన్నె వేడికే మాడిపోతుంది. తూస్తే 100 గ్రాములకు అటూ ఇటూ ఉండాలి. ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు పెడితే నెయ్యి పేరుకున్నట్టు పేరుకుంటుంది. గట్టిపడకూడదు, వేలు పెడితే దిగాలి.

ఓట్స్ ప్యాకెట్టు విప్పి వారమైందంటే తడి పట్టిందనే లెక్క. బాణలిలో సన్నటి సెగ మీద అయిదు నిమిషాలు వేయించి చల్లారనివ్వండి. తరువాత మిక్సీ చిన్న జారులో వేసి ఆరేడు సార్లు తిప్పీ ఆపీ, తిప్పీ ఆపీ చేయాలి. సగం పిండి, సగం నూక, మధ్యమధ్య అక్కడక్కడ రేకులు మిగలాలి. పూర్తిగా పిండి చేస్తే బేకరీ బిస్కెట్ అవుతుంది. అసలు తిప్పకుండా వేస్తే పైభాగం గరుకుగా తేలదు, పూత నిలవదు. మా జిల్లావాళ్లకు బియ్యపు నూక ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు కదా, అదే గుర్తు.

పేరుకున్న వెన్నలో బెల్లం, పంచదార వేసి రెండు నిమిషాలు కలిపి, గుడ్డు, వెనీలా వేసి రంగు కాస్త తేలే దాకా గిలకొట్టండి. మైదా, సోడా, ఉప్పు, మసాలా కలిపి జల్లించి, ఓట్స్‌తో సహా అందులో వేసి, పొడి కనబడనంత వరకే కలపండి. చపాతీ పిండిలా పిసకవద్దు.

కార్తీకంలో మా ఇంట్లో గుడ్డు రాదు. ఆ నెల గుడ్డు బదులు 45 గ్రాముల చిక్కటి పెరుగు వేస్తాను. కుకీ కొంచెం కేకులా మెత్తగా వస్తుంది, రెండు నిమిషాలు ఎక్కువ కాలాలి. సోమవారం ఉపవాసం విడిచాక మా ఆవిడ తినేది ఇదే. నాకైతే గుడ్డు వేసిందే నచ్చుతుంది, ఆ మాట ఆ నెలలో పైకి అనను.

ముద్దను 25 గ్రాముల చొప్పున తూచి ఉండలు చేసి, పళ్లెంలో పెట్టి ముప్పావుగంట ఫ్రిజ్‌లో ఉంచండి. దీన్ని మాత్రం ఎగ్గొట్టవద్దు. ఉండ చల్లగా ఉంటే అంచు గట్టిపడే లోపు వెన్న కారిపోదు. ఒకసారి ఓపిక లేక ఎగ్గొడితే ఏడు ఉండలు కలిసిపోయి పళ్లెమంతా ఒకే అప్పచ్చి అయింది. చాకుతో కోసుకుని తిన్నాం.

ఓటీజీ పైనా కిందా కడ్డీలు రెండూ వేసి, 180 దగ్గర పావుగంట వేడెక్కనివ్వండి. మీటమీద అంకెను నమ్మవద్దు. లోపల పెట్టే థర్మామీటరు ఒకటి దొరుకుతుంది. నాది 180 అని చూపిస్తే లోపల 195 ఉంటుంది, అందుకని 165 దగ్గర పెడతాను. పళ్లెంలో బటర్ పేపరు పరిచి, ఏడు ఉండలు ఎడంగా పెట్టి, నడిమి అరలో పన్నెండు నిమిషాలు. మూడు వాయిలు వస్తాయి. అంచులు ఎర్రబడి, నడుమ వేలితో తాకితే ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీయాలి. గట్టిపడే దాకా ఆగితే చల్లారాక పళ్లు ఊడతాయి. పళ్లెంలోనే అయిదు నిమిషాలు ఉంచి, తీగల స్టాండు మీదకు మార్చండి.

ఈ కాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఓటీజీని ఇన్వర్టరు మోయదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు రెండో వాయి సగంలో ఉండగా కరెంటు పోయింది. తలుపు తీయకపోతే ఆ వేడి కొంతసేపు నిలుస్తుంది. ఏడెనిమిది నిమిషాలు అప్పటికే కాలి ఉంటే తలుపు మూసే ఉంచి ఇంకో పది నిమిషాలు వదిలేయండి, గట్టెక్కుతాయి. మూడు నాలుగు నిమిషాలకే పోతే మాత్రం ఆ వాయి మీద ఆశ వదులుకోవాలి. ఫ్రిజ్ చల్లగా ఉన్నంతసేపూ అందులో మిగిలిన ఉండలకు ఏమీ కాదు. మర్నాడు కాలుద్దామనుకున్నాను. మూడో నాడు కాల్చాను.

పూతకు కుకీలు పూర్తిగా చల్లారాలి, కనీసం గంట. వెచ్చగా ఉండగా అద్దితే పూత కరిగి ఇంకిపోతుంది. కొన్న ఐసింగ్ షుగర్‌లో గడ్డ కట్టకుండా మొక్కజొన్న పిండి కలిపే ఉంటుంది. ఇంట్లో పంచదార మిక్సీ పట్టుకుంటే మీరే ఒక టీస్పూను కలుపుకోండి. పాలు ఒకేసారి పోయవద్దు, మూడు టీస్పూన్ల తరువాత చుక్కలు చుక్కలుగా. ఇడ్లీ పిండి కన్నా కాస్త పలచన, దోసెల పిండి కన్నా చిక్కన. స్పూనుతో ఎత్తి వదిలితే పడిన తీగ పది అంకెలు లెక్కపెట్టే దాకా పైన కనబడి, అప్పుడు మునిగిపోవాలి.

కుకీ అడుగును మూడు వేళ్లతో పట్టుకుని, బోర్లించి, పూతకు తాకించండి. ముంచవద్దు, నొక్కవద్దు. పైకెత్తి మణికట్టు ఒకసారి తిప్పి, అయిదు క్షణాలు కారనిచ్చి, వెల్లకిలా తిప్పండి. మిట్టల మీద తెల్లగా అంటుకుని, పగుళ్లు మాత్రం ఎర్రగా మిగలాలి. వేసవిలో ఎండిన చెరువు నెర్రెల మీద ఉప్పు తేలినట్టు ఉంటుంది. అలా కాక అంతా తెల్లగా అయిందంటే పూత పలచన, ఇంకో చెంచా పంచదార కలపాలి.

అక్కడ పూతలో మేపుల్ సిరప్ వేస్తారు. ఆకులు రాలే కాలపు రుచి అంటారు కానీ, ఆ చెట్టు గీసి రసం తీసేది చలికాలం చివర. సుమారు నలభై లీటర్ల రసం కాస్తే ఒక లీటరు సిరప్. చెట్టు రసం కాచి చిక్కబరచడం మనకు తెలియనిదా? తాటిబెల్లం 10 గ్రాములు నాలుగు టీస్పూన్ల వేడిపాలలో కరిగించి, వడకట్టి, చల్లార్చి, ఉత్త పాల బదులు ఆ పాలను చుక్కలు చుక్కలుగా కలపండి. పూత లేత గోధుమరంగులోకి వస్తుంది, పొగవాసన లీలగా తగులుతుంది. నా మటుకు ఇదే పై రకం. ఆరడం మాత్రం ఇంకా ఆలస్యం.

ఆరడం అంటే పాలలోని నీరు పోయి పంచదార మళ్లీ స్ఫటికం కావడం. గాలిలో తేమ 85 శాతం దాటితే పంచదార నీటిని వదలకపోగా తానే లాక్కుంటుంది. ముసురు రోజున ఫ్యాను కింద పెట్టి ఎంత చూసినా అంతే. రెండు దారులున్నాయి. ఓటీజీ కట్టేసి, చేయి పెడితే ఓర్చుకోగలిగే వేడికి వచ్చాక, తలుపు కాస్త తెరిచి పది నిమిషాలు అందులో ఉంచడం ఒకటి. రెండోది ఏసీ గది. ఏసీ చల్లబరుస్తూనే గాలిలో తడిని తీసేస్తుంది. మంచం మీద పళ్లేలు పరిచి, తలుపు వేసి గంటన్నర వదిలేశాను. "మే నెలలో నేను అడిగినా వేయని ఏసీ, నవంబరులో బిస్కెట్లకా?" అని మా ఆవిడ బయటి నుంచి అడిగింది. సమాధానం చెప్పలేదు. పూత మాత్రం గోటితో గీస్తే గీత పడేంత గట్టిగా ఆరింది.

బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో, వరుసకూ వరుసకూ మధ్య బటర్ పేపరు వేసి దాచండి. డబ్బాను నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెడితే చీమలు రావు. నాలుగు రోజులకు మించి దాచాలంటే పూత వేయకుండా దాచుకోండి. మెత్తబడితే 150 దగ్గర అయిదు నిమిషాలు వేడిచేసి, చల్లారాక పూత అద్దుకోవచ్చు.

మొన్న ఒక డబ్బా ఒంగోలులో ఉన్న మా వియ్యాలవారింటికి బస్సులో పట్టుకెళ్లాను. పూత ఒక్కటీ చెదరలేదు. వియ్యపురాలు ఒకటి తిని, రెండోది చేతిలోకి తీసుకుని, "అన్నయ్యగారూ, ఈ శొంఠి బిళ్లలు కావలిలో ఏ అంగట్లో దొరుకుతాయి?" అని అడిగారు.