చేపకు చేప పడదు, మొక్కకు నీళ్లు పడవు: ఇంటి అక్వేరియంలో సమస్యలు, పరిష్కారాలు

చేప కాస్త డల్‌గా కనిపిస్తే చాలు, షాపుకు పరిగెత్తి నీలం మందు సీసా తెచ్చేస్తాం. చాలా ఇళ్లలో అసలు జబ్బే ఉండదు. కలిసి ఉండలేని చేపల్ని ఒకేచోట వేసి ఉంటారు, లేదంటే ఇంటి నీళ్లకు సరిపడని చేపను తెచ్చి ఉంటారు. మొక్కల సంగతీ అంతే. కింద చెప్పేవన్నీ మన ఇళ్లలో మామూలుగా కనిపించే రెండడుగుల ట్యాంకును దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే లెక్కకు 56 లీటర్లు. రాళ్లూ పైన వదిలే ఖాళీ పోను 45 లీటర్లు మిగిలితే గొప్ప.

రెక్కలు చిరుగుతున్నాయి, తోక కురచవుతోంది

ముందు తోక అంచు దగ్గరగా చూడండి. కొరికినట్టు అర్ధచంద్రాకారంలో ముక్కలు పోయి, మిగతా భాగం శుభ్రంగా ఉంటే పక్క చేప పనే. అంచు తెల్లబడి పీచుపీచుగా ఉంటే నీళ్లు పాడయ్యాయి, రెక్క కుళ్లుతోంది. ఈ రెండింటికీ ఒకటే మందు వాడితే ఉపయోగం లేదు.

కొరికే చేపల్లో మొదటి పేరు టైగర్ బార్బ్. పొడవాటి రెక్కలున్న గప్పీ, ఏంజెల్, ఫైటర్ కనబడితే ఊరుకోదు. రెండో మూడో తెస్తే ఇంకా ప్రమాదం. ఎనిమిదికి తక్కువ కాకుండా ఉంటే వాటిలో అవే తరుముకుంటాయి, మిగతావాటి జోలికి పోవడం తగ్గుతుంది. కానీ 45 లీటర్లలో ఎనిమిది బార్బ్‌లు వేశాక ఇంకేం వేస్తాం? అందుకే బార్బ్‌లా, పొడుగు రెక్కల చేపలా అన్నది కొనేముందే తేల్చుకోవాలి.

ఫైటర్ మగది ట్యాంకుకు ఒక్కటే. రంగురంగుల తోక ఉన్న మగ గప్పీని కూడా అది ఇంకో ఫైటర్ అనుకుని మీద పడొచ్చు. కొరికే చేపను వేరు చేసి, వారానికోసారి నాలుగోవంతు నీళ్లు మారుస్తూ ఉంటే రెక్కలు కొన్ని వారాల్లో వాటంతట అవే వస్తాయి.

చిన్న చేపలు ఒక్కొక్కటీ మాయమవుతున్నాయి

శవం కూడా దొరకదు. ట్యాంకులో ఏంజెల్ ఉందా? రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు నియాన్ టెట్రాలతో చక్కగా తిరుగుతుంది. అది పెరిగి 15 సెంటీమీటర్లకు చేరుతుంది, నియాన్ మాత్రం మూడు నాలుగు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. నోట్లో పట్టే చేప ఏదైనా ఏంజెల్‌కు మేతే. ఆస్కార్ అయితే 30 సెంటీమీటర్లు దాటుతుంది. ఫ్లవర్‌హార్న్‌ను ఒంటరిగానే పెంచాలి.

అద్దాలు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ ఫిష్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. షాపులో వేలెడంత ఉంటుంది, పెరిగితే మూర పొడవు అవుతుంది. పెద్దదయ్యాక నాచు మీద మోజు తగ్గి, రాత్రిపూట గోల్డ్‌ఫిష్, ఏంజెల్ లాంటి వెడల్పాటి చేపల ఒంటికి అతుక్కుని పైజిగురు గీకేస్తుంది. పొద్దున్నే చేప పక్కల మీద పాలిపోయిన మచ్చలు కనిపిస్తాయి, మనం ఫంగస్ అనుకుంటాం. దాన్ని షాపుకు తిరిగిచ్చేయండి, తీసుకోకపోతే పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇవ్వండి. చెరువులో మాత్రం వదలొద్దు. తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, కాలువల్లో ఇది ఇప్పటికే పాకిపోయి, ముళ్ల రెక్కలతో జాలర్ల వలలు చింపుతోంది.

గప్పీలు బాగున్నాయి, నియాన్‌లు నిలవడం లేదు

ఇది నీళ్ల గొడవ. బోరు నీళ్లు వాడే ఇంట్లో బకెట్ల అంచున తెల్లటి పొర పేరుకుంటుంటే అవి ఖనిజాలు ఎక్కువున్న కఠిన జలాలే. గప్పీ, మాలీ, ప్లాటీలకు అవి హాయి. నియాన్ టెట్రా సొంత ఊరు అమెజాన్ నది ప్రాంతం, దానికి మెత్తటి నీళ్లు, అంటే ఖనిజాలు తక్కువున్నవి, కావాలి. బోరు నీళ్లే దిక్కయితే నియాన్ ఆశ వదులుకుని మాలీలు పెంచుకోవడం తెలివైన పని. ఆర్వో నీళ్లు కలిపి సర్దొచ్చు గానీ, నీళ్లు మార్చిన ప్రతిసారీ ఆ టెన్షన్ తప్పదు.

దీనికి తిరగబడిన కేసూ ఉంది. మంచి నీళ్లు కదా అని అచ్చంగా ఆర్వో నీళ్లే పోస్తారు. మాలీ ముందుకు కదలకుండా ఉన్నచోటే ఒళ్లు ఊపుతూ ఉంటుంది. ఖనిజాలు చాలక వచ్చిన తిప్పలు అవి. కొద్దికొద్దిగా బోరు నీళ్లు కలుపుతూ రండి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోయేలా చుక్కల మందు వేయాలి.

అలంకారానికి వేసిన తెల్ల రాళ్లు కూడా నీళ్లను మార్చేస్తాయి. పొడి రాయి మీద వెనిగర్ చుక్క వేయండి. బుడగలొస్తే అందులో సున్నం ఉన్నట్టు. మెత్తటి నీళ్లు కావాల్సిన చేపల దగ్గర దాన్ని ఉంచకూడదు.

ట్యాంకు పెట్టి నెల కూడా కాలేదు, ఏ చేప వేసినా పోతోంది

చేపల ఎంపికది కాదు తప్పు, తొందరది. విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా అనే విషాన్ని హాని తక్కువ పదార్థంగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కఠినమైన, క్షారగుణం ఉన్న నీళ్లలో అమ్మోనియా విషం ఇంకా ఎక్కువ. రెండు మూడు గప్పీలతో మొదలుపెట్టి, మేత తగ్గించి, త్వరగా పెరిగే మొక్కలు వేయండి. ఆ బ్యాక్టీరియా పోకుండా ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాదు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

మొక్కలు కుళ్లిపోతున్నాయి

మొదట అనుమానించాల్సింది అసలది నీటి మొక్కేనా అని. లక్కీ బాంబూ, చారల ఆకుల డ్రసీనా, సింగోనియం, వీటిని నీళ్లలో ముంచి మరీ అమ్ముతారు. కొన్నాళ్లు పచ్చగానే ఉంటాయి, తర్వాత కాండం నొక్కితే మెత్తగా జారిపోతుంది. వీటికి వేళ్లు నీళ్లలో, ఆకులు బయట ఉండాలి.

అనుబియాస్, జావా ఫెర్న్ అయితే కుళ్లేది నాటిన తీరు వల్ల. అల్లం కొమ్ములా అడ్డంగా ఉండే లావు కాండాన్ని ఇసుకలో పూడ్చకూడదు. బయటికి తీసి, దారంతో రాయికో చెక్కకో కట్టండి. తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి.

అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్ ఆకులు కరిగిపోతే కంగారుపడి పీకేయకండి. నర్సరీల్లో చాలావరకు వీటిని నీటి బయట పెంచుతారు, మునిగాక పాత ఆకులు పోయి కొత్తవి వస్తాయి. మొదలు పట్టుకుని మెల్లగా లాగండి. గట్టిగా ఉంటే మూడు వారాలు ఆగొచ్చు.

బోరు నీళ్లకు నేను ముందు చెప్పేది వాలిస్నేరియా, హార్న్‌వర్ట్. రెండూ మన కాలువల్లో పెరిగేవే. కాలువలోంచే తెస్తే మాత్రం నత్తలు, జలగలు, పొలాల మందూ వెంటొస్తాయి, షాపులో కొనడం నయం. మాలీల కోసమని ఎక్కువ ఉప్పు వేస్తే మొక్కలు దెబ్బతింటాయి. చేపకు ఏ వైద్యమైనా వేరే టబ్బులో చేయాలి.

గోల్డ్‌ఫిష్ ఉన్నచోట మెత్తటి ఆకుల మొక్కలు దండగ, తెల్లారేసరికి పుల్లలు మిగులుతాయి. దాని పక్కన అనుబియాస్ నిలుస్తుంది. అసలు 45 లీటర్లు గోల్డ్‌ఫిష్‌కు చాలవు. పైగా అది చల్లని నీటి చేప, మన ఎండాకాలం దానికి నరకం.

తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

మొక్కలు పగలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి అవీ తీసుకుంటాయి. మోత భరించలేక రాత్రి ఫిల్టర్ ఆపేసే ఇళ్లలో ఇది మామూలే. నీళ్లు వేడెక్కితే ఇంకా కష్టం. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. రాత్రి ఎయిర్ పంపు ఆపకండి. వేసవిలో మూత తీసి, వల కప్పి, నీటి మీదికి ఫ్యాను గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కరెంటు పోతే మగ్గుతో ట్యాంకు నీళ్లే ముంచి కాస్త ఎత్తు నుంచి పోస్తూ ఉండండి. ఫైటర్, గౌరామి మాత్రం అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి గుటక వేసి వెళ్తాయి. అది వాటి స్వభావం, దానికి కంగారు అక్కర్లేదు.