ఘంటసాల భగవద్గీతను మొదటి నుంచి చివరిదాకా వినడం ఎలా

బెజవాడ కృష్ణలంకలో ఘంటసాల గొంతు వినిపిస్తే ఎవరూ పాట వినరు. గుమ్మంలోకి వచ్చి ‘ఎవరు పోయారు?’ అని అడుగుతారు. మా ఇల్లు శ్మశానానికి వెళ్లే దారిలో ఉంది కాబట్టి, వైకుంఠ రథం కదిలినప్పుడల్లా భగవద్గీత మా కిటికీ ముందు నుంచే పోతుంది. మాకు దక్కేది రెండు శ్లోకాలు, ఒకటిన్నర తాత్పర్యం. బండి మలుపు తిరిగాక మిగతాది పక్క వీధి వాళ్లది. ఇలా కొన్నేళ్లు ముక్కలు ముక్కలుగా వింటే ఎవరికైనా ఇది చావు పాటే అనిపిస్తుంది.

నాకు అలా అనిపించకపోవడానికి కారణం మా బాబాయి. ఆయనకు మైకుసెట్టు ఉండేది. పెళ్లిళ్లకూ ఉత్సవాలకూ అద్దెకు తిప్పేవాడు. తెల్లవారుజామున రామమందిరం గొట్టం మైకులో భగవద్గీత వేసేవాడు. రికార్డు తిరగేసే పని నాది. ముల్లు చివరి గీతలోకి చేరి టక్కు టక్కుమంటుంటే పరిగెత్తుకెళ్లి, వేళ్లు గీతల మీద పడకుండా అంచులు పట్టుకుని తిప్పాలి. ఏ శ్లోకం తర్వాత ఏది వస్తుందో నాకు కంఠతా వచ్చు. అర్థం మాత్రం ఒక్కదానికీ తెలియదు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాక దాన్ని మళ్లీ ఆసాంతం విన్నాను. చిన్నప్పుడు ఇంట్లోనో గుళ్లోనో ఇది మోగిన వాళ్లు మీలో చాలామందే ఉంటారు. మళ్లీ వినాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇది సినిమా పాటల రికార్డు కాదు. ఎక్కడ ముల్లు పెడితే అక్కడ ఒక పాట దొరికే రకం కాదు. గీతలో 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు ఉన్నాయి. అందులోంచి కొన్నిటిని ఏరి, వరుస తప్పకుండా కూర్చి, ఒక్కో శ్లోకం పాడి వెంటనే తెలుగులో తాత్పర్యం తన గొంతుతోనే చెబుతూ ఘంటసాల మొదలూ చివరా ఉన్న ఒకే కథనంగా దీన్ని రికార్డు చేశారు. దీన్ని ఒక స్టేజీలో ఎక్కి తర్వాతి స్టేజీలో దిగిపోయే ప్రయాణికుడిలా వింటే ఏమీ మిగలదు. మొదటి స్టాపు నుంచి ఆఖరి స్టాపుదాకా టిక్కెట్టు తీసుకోవాలి.

కాబట్టి మొదటి పని పూర్తి ప్రతి సంపాదించడం. ఫోనులో వెతికితే బోలెడు దొరుకుతాయి. అందులో సగం ముక్కలు, మరికొన్ని వేరేవాళ్లు అదే పద్ధతిలో పాడినవి, ఇంకొన్నిటిలో మధ్యలో బంగారం తాకట్టు ప్రకటన. సరైనదో కాదో తేల్చుకోవడం తేలికే. ‘పార్థాయ ప్రతిబోధితాం’ అనే ధ్యానశ్లోకంతో మొదలుకావాలి, ‘గీతాశాస్త్రమిదం పుణ్యం’ దగ్గర ముగియాలి, మొత్తం సుమారు గంట నడవాలి. పది నిమిషాల్లో అయిపోతే అది వైకుంఠ రథం వాళ్ల ప్రతి. అప్పట్లో హెచ్‌ఎంవీ వేసిన రికార్డు ఇది. ఆ సంస్థే ఇప్పుడు సరిగమ. వాళ్ల ప్రతి దొరికితే ఇక వెతకక్కర్లేదు. శ్లోకాలను విడివిడి ట్రాకులుగా పెట్టి ఉంటే ‘షఫుల్’ ఆపేయడం మరచిపోకండి.

ఇంట్లో పాత క్యాసెట్టు ఉంటే ఇంకా మంచిదే కానీ, తీసిన వెంటనే వేయకండి. పెన్సిలు దూర్చి నాలుగు చుట్లు తిప్పి టేపు అతుక్కుపోలేదని చూసుకోండి. టేపు వెనక చిన్న స్పాంజి ముక్క ఉంటుంది. అది ఊడిపోతే గొంతు గోడ అవతలి నుంచి వచ్చినట్టు మందంగా వినిపిస్తుంది. పనికిరాని మరో క్యాసెట్టులోంచి తీసి అతికించుకోవచ్చు. ప్లేయరు హెడ్డును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. ఘంటసాల గొంతు మరీ బరువుగా, నిద్రమత్తులో ఉన్నట్టు సాగుతుంటే దోషం ఆయనది కాదు, లోపలి రబ్బరు బెల్టుది. అది వదులై మోటారు వేగం అందడం లేదన్నమాట. బెల్టు మార్పించండి.

రికార్డు ఉన్నవాళ్లకు కాస్త ఎక్కువ చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు బాబాయి ట్రంకు పెట్టె కూడా మునిగింది. నీళ్లు తగ్గాక ఆయన కొడుకు ఫోను చేశాడు. ‘అన్నయ్యా, ప్లేట్లన్నీ బురదే. పారేయమంటావా?’

‘అట్టలు పారెయ్. ప్లేట్లు తుడవకుండా అలాగే పట్రా’ అన్నాను.

తుడవకుండా అని ఎందుకన్నానంటే, ఎండిన బురదలో సన్నటి ఇసుక ఉంటుంది. గుడ్డ పెట్టి రుద్దితే ఆ ఇసుకే గీతలను కోసేస్తుంది. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, రికార్డును నిలువుగా పట్టుకుని లేబులు అంచు వరకు ముంచి, చుట్టూ తిప్పుతూ బురద దానంతట అది వదిలేదాకా నానబెట్టాలి. మధ్యనున్న కాగితం లేబులు తడవకుండా చూసుకోవాలి. మావి అప్పటికే తడిసి ఉబ్బిపోయాయి కాబట్టి ఆ బాధ లేదు. తర్వాత సన్నటి ధారగా నీళ్లు వదిలి కడగాలి. ఆపైన గిన్నెడు నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి పెయింటింగు బ్రష్షుతో గీతలు తిరిగే దిశలోనే గుండ్రంగా రాయాలి, అడ్డంగా రాయకూడదు. ఆఖరి కడుగు మాత్రం బ్యాటరీ నీళ్లతో, అంటే డిస్టిల్డ్ వాటర్‌తో. పెట్రోలు బంకులో, బ్యాటరీ షాపులో సీసా దొరుకుతుంది. కుళాయి నీళ్లతో వదిలేస్తే ఆరాక గీతల్లో ఉప్పు పొర మిగిలి, పాట పొడుగునా చిటపటలాడుతుంది. నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. ఎండలో పెట్టారా, మన బెజవాడ ఎండకు రికార్డు అప్పడమే. ఇదంతా వినైల్ ఎల్పీల సంగతి. 78 వేగంతో తిరిగే పాత లక్క రికార్డులుంటే వాటికి స్పిరిట్ చుక్క కూడా తగలనివ్వకండి, కరిగిపోతాయి. వాటి ముల్లు కూడా వేరు.

ఇప్పుడు వినే వేళ. ఉదయం పూజ చేస్తూ వద్దు. సగం చెవి పూజగంట మీదే ఉంటుంది. బండి నడుపుతూ అసలే వద్దు. నేను మధ్యాహ్నం, అందరూ కునుకు తీసే వేళ పెట్టుకుంటాను. ఒక జాగ్రత్త: బయటికి వినపడేలా పెడితే ఇరుగుపొరుగుకు ముందే చెప్పండి. మొదటిసారి నేను చెప్పలేదు. విశ్వరూపం దగ్గరకు వచ్చేసరికి ఎదురింటావిడ తలుపు తోసుకుని వచ్చింది. నేను కుర్చీలో కూర్చుని ఉండటం చూసి తేరుకుని, మెల్లిగా ‘అన్నయ్యగారూ, వదిన ఎక్కడ?’ అని అడిగింది. వదిన వంటింట్లోంచి ‘ఇక్కడే ఉన్నాను, బాగానే ఉన్నాను’ అని గట్టిగా జవాబిచ్చేదాకా ఆవిడ కదల్లేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఈ తంటా లేదు.

వీలైతే ముందురోజు రాత్రి కృష్ణరాయబారం పద్యాలు కొన్ని వినండి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో తెల్లవార్లూ ఆడిన నాటకాలు. సంధి చెడింది, యుద్ధం తప్పదు అనే దగ్గర మనసు ఆగి ఉంటే, మర్నాడు ఆల్బమ్ సరిగ్గా అక్కడే అందుకుంటుంది. యుద్ధం జరగకుండా కృష్ణుడు ఎంత ప్రయత్నించాడో చెప్పాకే అసలు కథలోకి వెళ్తారు ఘంటసాల. మాటను మింగకుండా, విరుపు ఎక్కడ పడాలో అక్కడే పడేలా పద్యం చదివే తీరు ఆయనకు కొట్టిన పిండి. సంస్కృత శ్లోకాన్ని కూడా అదే స్పష్టతతో పలికారు. అందుకే ఒక్క ముక్క అర్థం కాని పిల్లలకు కూడా అక్షరాలు నోటికి వచ్చేశాయి.

మొదటి విడత పుస్తకం లేకుండా వినండి. అర్జునుడి మీద ధ్యాస పెట్టండి. మన ఊరి వాళ్లకు ఆయన పరాయివాడు కాదు. ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసి పాశుపతం సంపాదించాడని స్థలపురాణం. అంత సరంజామా కూడబెట్టుకున్నవాడు, తీరా రథం రెండు సేనల మధ్య ఆగాక నా వల్ల కాదన్నాడు. బతికి ఉన్న మనిషికి, పని మొదలుపెట్టాల్సిన పొద్దున, పక్కనున్న స్నేహితుడు చెప్పిన మాటలు ఇవి. ‘జాతస్య హి ధ్రువో మృత్యుః’ కూడా అప్పటికి ఎవరి శవం ముందూ చెప్పింది కాదు, ఇంకా ఒక్క బాణమైనా పడలేదు. ఈ సంగతి రథం వెనక నడుస్తూ వింటే తట్టదు, వరుసగా వింటే తట్టి తీరుతుంది.

రెండో విడతకు పుస్తకం, పెన్సిలు. గోరఖ్‌పూర్ గీతాప్రెస్ వాళ్ల తెలుగు గీత చవకగానే దొరుకుతుంది. లెనిన్ సెంటరులో పాత పుస్తకాల దుకాణాల్లో తిరిగితే ఇంకా చవక. ఆయన పాడిన ప్రతి శ్లోకం పక్కన టిక్కు పెట్టండి. పూర్తయ్యాక పేజీలు తిరగేస్తే ఏరుకున్న తీరు తెలుస్తుంది. మొదటి అధ్యాయంలో 47 శ్లోకాలున్నా అక్కడ ఎక్కువసేపు నిలబడరు, గబగబా రెండో అధ్యాయంలోకి దిగుతారు. టిక్కులు ఎక్కడ గుమిగూడాయి, ఎక్కడ పేజీ ఖాళీగా ఉంది అని చూస్తుంటే, పాడినవాడి వెనక కూర్చుని ఎంపిక చేస్తున్న మరో ఘంటసాల కనిపిస్తారు.

అప్పుడే వేళ్ల మీద అక్షరాలు కూడా లెక్కపెట్టండి. ‘జాతస్య హి ధ్రువో మృత్యుః’ అంటే ఎనిమిది. ‘వాసాంసి జీర్ణాని యథా విహాయ’ అంటే పదకొండు. గీతలో ఎక్కువ భాగం ఎనిమిది అక్షరాల పాదాలే. పదకొండోదాకా సాగిన చోట పాట నడక మారుతుంది, ఊపిరి పెద్దదవుతుంది. విశ్వరూపం చూసి అర్జునుడు బెదిరిపోయే చోట ఈ పొడుగు పాదాలే వరుసకడతాయి. చిన్నప్పుడు అక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్లు ఎందుకు జలదరించేదో ఇన్నాళ్లకు తెలిసింది. రాగాలు గుర్తుపట్టగలిగితే ఇంకా పండుగే. నాకు అంత రాదు. దుర్గాపురంలో ఘంటసాల పేరుతోనే ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. అక్కడ చదువుకునే పిల్లలెవరైనా తెలిస్తే పక్కన కూర్చోబెట్టుకోండి.

అన్నీ నచ్చుతాయని అనుకోవద్దు. తాత్పర్యం భాష ఇప్పటి చెవికి బిగుసుకున్నట్టు ఉంటుంది. నాకైతే అదే ఇష్టం, మా మనవరాలికి నవ్వు. గొంతు కూడా యాభైల నాటి సినిమా గొంతు కాదు. ఆరోగ్యం దెబ్బతిన్న రోజుల్లో పాడారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే పోయారు. రికార్డు జనం చేతికి వచ్చింది ఆ తర్వాతే. చావుతో దీనికి ముడి అక్కడే పడిందేమోనని నా అనుమానం: పోయినవాడి గొంతుగానే ఊరంతా మొదటిసారి విన్నది. కానీ ఆ గొంతులో తగ్గిన పట్టు ఈ మాటలకు ఒక పెద్దరికం ఇచ్చింది. పాతికేళ్ల కుర్రవాడి గొంతుతో ఇవే శ్లోకాలు నేను వినలేను.

చిన్నప్పుడు వినపడనిది ఒకటైనా ఇప్పుడు వినపడాలి. నాకు వినపడింది రెండో అధ్యాయంలో, కోపం గురించి చెప్పే చోట. కోరిక తీరక కోపం, కోపం వల్ల అవివేకం, దానివల్ల మతిమరుపు, ఆఖరికి మనిషే చెడిపోవడం, ఇలా మెట్లు మెట్లుగా దిగుతుంది. రూపాయి చిల్లర దగ్గర మొదలైన గొడవ నాలుగు స్టేజీలు దాటేసరికి వంశాలదాకా వెళ్లడం నా ఉద్యోగమంతా చూశాను. ఎన్నోసార్లు ఆ వంశాలను తీసుకొచ్చింది నేనే. రామమందిరం అరుగు మీద కూర్చుని ఆ శ్లోకం నోటికి వల్లించినవాణ్ణి.

మీ చిన్నప్పటి రికార్డు ఇది కాకపోవచ్చు. బాలమురళి పాడిన రామదాసు కీర్తనలు కావచ్చు, నాజర్ బుర్రకథ కావచ్చు. పద్ధతి పెద్దగా మారదు. పూర్తి ప్రతి, ఒకే విడత, ఆ తర్వాతే పుస్తకం.

విన్నాక క్యాసెట్టునో రికార్డునో కంప్యూటరులోకి ఎక్కించి పెట్టుకోండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక ఆడియో వైరు చాలు. వేవ్ ఫైలుగా ఒక ప్రతి, ఫోనుకు చిన్నది ఒకటి. ఇంట్లోవాళ్లకు ఇచ్చుకోండి గానీ ఇంటర్నెట్‌లో పెట్టకండి. రికార్డింగు మీద హక్కు మన చట్టం ప్రకారం 60 ఏళ్లు. రికార్డులను నిలువుగా, గోడకు ఎండ తగలని వైపు ఉంచండి. ఇక ఫైళ్లకు పేరు పెట్టేటప్పుడు ముందు 01, 02 అని అంకెలు వేయడం తప్పనిసరి. లేకపోతే ఫోను అక్షరక్రమంలో పేర్చేసి, యుద్ధం సంగతి ఎత్తకముందే అర్జునుడికి విశ్వరూపం చూపించేస్తుంది.