చవక హెడ్‌ఫోన్ డాంగిల్‌ను పరీక్షించడం ఎలా?

ఫోన్లలో 3.5 మిల్లీమీటర్ల జాక్ కనుమరుగైన తరువాత, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లను వదులుకోలేనివారికి మిగిలిన దారి యూఎస్‌బీ టైప్-సి డాంగిల్. చిటికెనవేలంత లేని ఈ వస్తువులో రెండు పనులు జరుగుతాయి. ఫోన్ అంకెల రూపంలో పంపిన ధ్వనిని డ్యాక్ (డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్) అనే చిప్ విద్యుత్ తరంగంగా మారుస్తుంది. ఆ తరంగానికి హెడ్‌ఫోన్‌ను కదిలించేంత బలాన్ని చిన్న ఆంప్లిఫయర్ ఇస్తుంది. అట్టపెట్టె మీద మాత్రం చిప్ పేరు, 32 బిట్, 384 కిలోహెర్ట్జ్ వంటివే పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. మనం వినే పాటల్లో ఎక్కువ భాగం సీడీ స్థాయిలో, అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉంటాయి కాబట్టి ఆ అంకెలను పక్కన పెట్టవచ్చు. ఈ డాంగిల్ నా హెడ్‌ఫోన్‌కు, నా ఫోన్‌కు సరిపోతుందా అన్నదే తేల్చుకోవలసిన ప్రశ్న. అందుకు కొద్దిపాటి లెక్క, ఒక మల్టీమీటర్, సద్దుమణిగిన ఒక రాత్రి చాలు.

అన్నిటికన్నా ముందు, కొంటున్నది నిజంగా డ్యాక్ ఉన్న డాంగిలేనా అని చూడాలి. బజారులో అచ్చం ఇలాగే కనిపించే అడాప్టర్లు మరికొన్ని ఉంటాయి. వాటిలో తీగ తప్ప ఏమీ ఉండదు, ఫోన్ తన టైప్-సి రంధ్రం గుండా నేరుగా అనలాగ్ ధ్వనిని పంపగలిగితేనే అవి పనిచేస్తాయి. చాలా ఫోన్లకు ఆ ఏర్పాటు లేదు. నేను ఆన్‌లైన్‌లో కొన్న మొదటి డాంగిల్ అలాంటిదే. ప్రకటనలో హైఫై అని ఉన్నా, నా ఫోన్‌కు తగిలిస్తే కిక్కురుమనలేదు. అనుమానం ఉంటే హెడ్‌ఫోన్‌ను దానికి గుచ్చి, ల్యాప్‌టాప్‌కు తగిలించి, సౌండ్ సెట్టింగులలో కొత్త ఆడియో పరికరం కనిపిస్తుందేమో చూడండి. డ్యాక్ ఉన్నదైతే కనిపిస్తుంది, ఉత్త తీగ అయితే కనిపించదు.

ఇక లెక్క. హెడ్‌ఫోన్ తయారీదారులు రెండు అంకెలు ఇస్తారు: ఓమ్‌లలో ఇంపీడెన్స్, అంటే విద్యుత్ తరంగానికి అది పెట్టే అడ్డు; డెసిబెళ్లలో సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన విద్యుత్తుకు అది ఎంత గట్టిగా మోగుతుందన్నది. సెన్సిటివిటీని కొందరు 1 మిల్లీవాట్‌కు, కొందరు 1 వోల్ట్‌కు చెబుతారు. ఈ తేడా గమనించకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. డాంగిళ్ల బలాన్ని వోల్టులలో పోల్చడమే తేలిక కాబట్టి అన్నిటినీ వోల్ట్‌కు మార్చుకుందాం. 1 వోల్ట్ పెట్టినప్పుడు హెడ్‌ఫోన్‌లోకి వెళ్లే మిల్లీవాట్లు ఎన్నో తెలియాలంటే 1000ని ఇంపీడెన్స్‌తో భాగించాలి. 1 మిల్లీవాట్ నుంచి అన్ని మిల్లీవాట్లకు పెరిగినదానిని డెసిబెళ్లలోకి మార్చి, మిల్లీవాట్‌కు చెప్పిన సెన్సిటివిటీకి కలుపుకోవాలి. 16 ఓమ్‌లకు సుమారు 18, 32 ఓమ్‌లకు 15, 80 ఓమ్‌లకు 11, 300 ఓమ్‌లకు 5 డెసిబెళ్లు కలుస్తాయి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 80 ఓమ్‌ల రకానికి 1 మిల్లీవాట్ వద్ద 96 డెసిబెళ్లు అని ఇచ్చారు. అంటే 1 వోల్ట్ వద్ద 107. సెన్‌హైజర్ హెచ్‌డీ 650కి 300 ఓమ్‌లు, 1 వోల్ట్ వద్దనే 103 అని నేరుగా ఇచ్చారు. 16 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 105 డెసిబెళ్లు ఉన్న ఒక మామూలు ఇయర్‌ఫోన్ 1 వోల్ట్ వద్ద 123 డెసిబెళ్లకు చేరుతుంది.

మరి ఎంత కావాలి? వారానికి 40 గంటలు వినేవారు సగటున 80 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. సగటు 80 అయితే, కచేరీ రికార్డింగులో మృదంగం మీద పడే గట్టి దెబ్బ దానికి మరో 20 పైన ఉండవచ్చు. కాబట్టి 100 నుంచి 105 డెసిబెళ్ల దాకా చేరగల డాంగిల్ ఉంటే చాలును. ఈ కొలత ప్రకారం 1 వోల్ట్ ఇచ్చే డాంగిల్ డీటీ 770కి హాయిగా సరిపోతుంది, హెచ్‌డీ 650కి అంచు మీద సరిపోతుంది, ఇయర్‌ఫోన్‌కు అవసరానికి మించిపోతుంది. వోల్టేజీ రెట్టింపయితే కలిసేది 6 డెసిబెళ్లే కాబట్టి, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఉన్నవారు 2 వోల్టుల డాంగిల్ చూసుకోవడం మంచిది. 

పెట్టె మీద వోల్టులకు బదులు మిల్లీవాట్లు ఇస్తే, వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 32 ఓమ్‌ల వద్ద 60 మిల్లీవాట్లు అంటే 0.06ను 32తో గుణిస్తే 1.92, దాని వర్గమూలం సుమారు 1.39 వోల్టులు. ఏ ఓమ్‌ల వద్దో చెప్పకుండా మిల్లీవాట్లు మాత్రమే రాసిన ప్రకటనను నమ్మకండి.

పోల్చుకోవడానికి ఒక గజంబద్ద కావాలనుకునేవారికి యాపిల్ అమ్మే చిన్న తెల్లని డాంగిల్ పనికివస్తుంది. అమెరికాలో అమ్మే రకం సుమారు 1 వోల్ట్ ఇస్తుంది. ఐరోపా రకం అందులో సగమే ఇస్తుంది. విదేశాల నుంచి బంధువులతో తెప్పించుకునేవారు ఈ సంగతి ముందే అడగడం మంచిది. ఐఫోన్ 15 నుంచి వచ్చిన టైప్-సి ఫోన్లతో ఇది చిక్కు లేకుండా పనిచేస్తుంది. ఆండ్రాయిడ్‌తోనే పేచీ: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు దాని లోపలి వాల్యూమ్‌ను తక్కువ మెట్టులోనే వదిలేస్తాయి, ఫోన్ వాల్యూమ్ నిండుగా పెంచినా ధ్వని నీరసంగానే ఉంటుంది. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో వంటి యాప్ డాంగిల్‌తో నేరుగా మాట్లాడి ఆ మెట్టును పెంచగలదు గాని, అందుకోసం పాటలన్నీ ఆ యాప్‌లోనే వినవలసి వస్తుంది. కాబట్టి ఏ డాంగిల్‌నైనా మీ ఫోన్‌తోనే పరీక్షించండి. మిత్రుని ఫోన్‌లో బాగుందన్న మాట మీకు అక్కరకు రాదు. కొన్ని బ్రాండ్ల ఫోన్లలో సెట్టింగులకు వెళ్లి ఓటీజీని (ఫోన్‌కు యూఎస్‌బీ పరికరాలను తగిలించే సౌకర్యాన్ని) ఆన్ చేస్తే తప్ప డాంగిల్ కనిపించదు, పది నిమిషాలు వాడకపోతే అది దానంతటదే ఆఫ్ అవుతుంది. దీనిని డాంగిల్ లోపంగా భావించి వెనక్కి పంపినవారు ఉన్నారు.

డాంగిల్ చేతికి వచ్చాక మల్టీమీటర్‌తో కొలిచేది రెండే సంగతులు: నిండు వాల్యూమ్‌లో వచ్చే వోల్టేజీ, డాంగిల్ తాలూకు సొంత ఇంపీడెన్స్. ఇక్కడ మీటర్ ఎంపికలోనే చాలామంది పొరబడతారు. ఎలక్ట్రీషియన్లు వాడే చవక పసుపు మీటర్లలో ఏసీ కొలిచే అతి తక్కువ రేంజి 200 వోల్టులు, దానిలో 1.0 తరువాత 1.1 కనిపిస్తుంది, మధ్యలో ఏమీ కనిపించదు. 2 వోల్టుల ఏసీ రేంజి ఉన్నదైనా, రేంజిని తానే మార్చుకునేదైనా కావాలి. తీగ కోసం పాడైపోయిన ఇయర్‌ఫోన్ ప్లగ్గును ఒక జానెడు తీగతో సహా కత్తిరించుకోండి. లోపలి వెంట్రుకవాసి తీగలు రాగిలా మెరుస్తున్నా, వాటి మీద ఉండే సన్నని వార్నిష్ పూత వల్ల మీటర్ ఏమీ చూపించదు. కొసలను అగ్గిపుల్ల మంటలో క్షణకాలం కాల్చి గరుకు కాగితంతో రుద్దాలి. సాధారణంగా ఎర్రది కుడి, ఆకుపచ్చది లేదా నీలిది ఎడమ, పూత రంగు లేనట్టు కనిపించేది గ్రౌండ్.

ఫోన్‌లో 60 హెర్ట్జ్ సైన్ తరంగం (ఒకే స్వరం ఆగకుండా మోగే ధ్వని) ఫైలును నిండు స్థాయిలో వినిపించి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, గ్రౌండ్‌కు ఒక ఛానెల్‌కు మధ్య కొలవండి. ఇయర్‌ఫోన్ చెవిలో ఉండగా ఈ పని ఎన్నడూ చేయవద్దు. మామూలు మీటర్లు కరెంటు పౌనఃపున్యానికి దగ్గరగానే సరిగా కొలుస్తాయి కాబట్టి 1000 హెర్ట్జ్ కన్నా 60 హెర్ట్జ్ నమ్మదగినది. తరువాత అదే రెండు తీగల మధ్య 33 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి మళ్లీ కొలవండి. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీకి వెళితే ఇవి చిల్లర డబ్బులకు దొరుకుతాయి. నారింజ, నారింజ, నలుపు పట్టీలు చూసి తీసుకోవాలి. రెసిస్టర్ లేకుండా 1.00 వోల్ట్, ఉన్నప్పుడు 0.97 వచ్చిందనుకోండి. తగ్గిన 0.03ను 0.97తో భాగించి 33తో గుణిస్తే సుమారు 1 ఓమ్. ఇది మంచి డాంగిల్. 1.00 కాస్తా 0.75కి పడిపోతే 11 ఓమ్‌లు అన్నమాట. ప్లగ్గులో ఏమీ లేనప్పుడు కొన్ని డాంగిళ్లు మేల్కొనవు. అప్పుడు ఖాళీ కొలతకు బదులు 1000 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి కొలిస్తే సరిపోతుంది.

ఈ ఓమ్‌లు ఎందుకంత ముఖ్యమంటే, ఒకే గొట్టంలో రెండు మూడు డ్రైవర్లు (ధ్వని పుట్టించే బుల్లి స్పీకర్లు) ఉన్న ఇయర్‌ఫోన్ల ఇంపీడెన్స్ అన్ని స్వరాల దగ్గర ఒకేలా ఉండదు. ఒక చోట 8 ఓమ్‌లు, ఇంకొక చోట 40 ఓమ్‌లు ఉండే ఇయర్‌ఫోన్‌ను 11 ఓమ్‌ల డాంగిల్‌కు తగిలిస్తే, ఆ రెండు చోట్ల మధ్య 5 డెసిబెళ్లకు పైగా తేడా వచ్చి పడుతుంది. వీణ తంత్రి మీద గోరు శబ్దం మిరుమిట్లు గొలిపినట్టు పైకి లేచి, కింది స్వరాలు పలచబడడం వంటివి ఇలాంటి కారణం వల్లనే జరుగుతాయి. అదే 1 ఓమ్ డాంగిల్ అయితే తేడా 1 డెసిబెల్ కూడా ఉండదు. డాంగిల్ ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న నియమం.

రొద పరీక్ష రాత్రి ఫ్యాను ఆపి చేయాలి. పాట ఆపేసి వింటే కుదరదు, ఎందుకంటే ధ్వని రానప్పుడు చాలా డాంగిళ్లు తమ ఆంప్లిఫయర్‌ను మూసేసుకుంటాయి. పూర్తి నిశ్శబ్దం ఉన్న ఆడియో ఫైలును నడిపిస్తూ వినాలి. ఇక్కడ ఇందాకటి 123 డెసిబెళ్ల ఇయర్‌ఫోన్ చిక్కు తెస్తుంది. డాంగిల్ రొద 10 మైక్రోవోల్టులే ఉన్నా, అది 1 వోల్ట్ కన్నా 100 డెసిబెళ్లు తక్కువ కాబట్టి, చెవిలో 23 డెసిబెళ్ల సన్నని స్‌స్ శబ్దంగా వినిపిస్తుంది. హెచ్‌డీ 650లో అదే రొద 3 డెసిబెళ్లు, అంటే లేనట్టే. నిశ్శబ్దపు ఫైలు నడుస్తూండగానే ఒకసారి మొబైల్ డేటా ఆన్ చేసి, ఒకసారి విమానం మోడ్‌లో పెట్టి వినండి. టిక్ టిక్ శబ్దం మొదటిదానిలోనే వస్తుంటే డాంగిల్ ఫోన్ సిగ్నల్‌ను పట్టుకుంటున్నదని అర్థం. ఆ తరువాత తంబురా శ్రుతిని చిన్నగా పెట్టి పది నిమిషాలు ఊరికే వినండి. ఎడతెగని శ్రుతి మధ్యలో తెగినా, చిటుక్కుమన్నా వెంటనే తెలిసిపోతుంది. నిద్ర నుంచి లేచే డాంగిళ్లు కొన్ని మొదటి అర సెకనును మింగేస్తాయి; పాటలో తొలి అక్షరం వినబడుతున్నదా అని ప్రత్యేకంగా గమనించాలి.

ఎడమ కుడి సమానంగా ఉన్నాయా అని చూడడానికి 1950ల నాటి సినిమా పాటను మించినది లేదు. అవి మోనో రికార్డింగులు కాబట్టి గొంతు సరిగ్గా తల నడిమధ్యలో నిలవాలి. పక్కకు ఒరిగితే ఇయర్‌ఫోన్లను చెవులు మార్చి పెట్టుకోండి. అయినా అదే చెవి వైపు ఒరిగితే తేడా మీ చెవిది; రెండో చెవి వైపుకు మారితే తప్పు డాంగిల్‌ది, లేదా ఇయర్‌ఫోన్‌ది. అందులోని టేపు రొదను మాత్రం డాంగిల్ ఖాతాలో వేయకండి.

రెండు డాంగిళ్లను పోల్చేవారు ముందుగా రెండిటి వోల్టేజీని మీటర్‌తో ఒక శాతం లోపు సమానం చేయాలి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేదే చెవికి మేలైనదిగా తోస్తుంది. తరువాత ఏది తగిలించారో చెప్పకుండా ఇంట్లో ఎవరినైనా పదిసార్లు మార్చమనండి. పదింటికి తొమ్మిది సరిగ్గా చెప్పడం గాలివాటున నూటికి ఒకసారి జరుగుతుంది. ఎనిమిది అయితే ఇంచుమించు ఇరవైకి ఒకసారి. మా తమ్ముడు మారుస్తూంటే నాకు వచ్చినవి ఆరు. మూడు రెట్ల ధర పెట్టి కొన్నదానిలో వాద్యాలు దూరదూరంగా, విశాలమైన వేదిక మీద ఉన్నట్టు వినిపిస్తున్నాయని అంతకు ముందు వారం రోజులు వాడితో వాదించాను.

ఫోన్ మాట్లాడేవారు మైకు పనిచేస్తుందో లేదో ఒక కాల్ చేసి చూసుకోవాలి. సంగీతం కోసమే చేసిన డాంగిళ్లలో చాలావాటికి మైకు ఉండదు. చార్జింగ్ ఎంత ఖర్చవుతుందో తెలియాలంటే విమానం మోడ్‌లో, తెర ఆపి, గంటసేపు పాటలు నడిపి శాతం రాసుకోండి. చివరి పరీక్ష మోటుగానే ఉంటుంది: తంబురా శ్రుతి నడుస్తూండగా తీగను రెండు కొసల దగ్గర, లోహపు తొడుగులోంచి బయటికి వచ్చే చోట, నాలుగు వైపులకూ మెల్లగా వంచండి, ఆ తరువాత ఫోన్‌ను చొక్కా జేబులో వేసుకుని మెట్లు ఎక్కి దిగండి. శ్రుతి ఒక్కసారి తెగినా, వాపసు గడువు ముగియకముందే వెనక్కి పంపేయండి.