స్పియర్‌గన్ మూతికి నీటి బ్రేకు

ఇటలీ తీరంలో నీటి అడుగున చేపల వేటకు నేను వాడేది గాలి ఒత్తిడితో పనిచేసే స్పియర్‌గన్, అంటే ఈటెను వదిలే తుపాకీ. సుమారు 20 బార్ (మామూలు వాతావరణ పీడనానికి దాదాపు 20 రెట్లు) ఒత్తిడి ఉన్న గాలి పిస్టన్‌ను తోస్తే, పిస్టన్ ఈటెను తోస్తుంది. ఈటె వెళ్లిపోవాలి, పిస్టన్ మూతి దగ్గర ఆగాలి. దాన్ని ఆపడానికి అక్కడున్న ప్లాస్టిక్ బుష్ (గొట్టంలాంటి చిన్న రింగ్) ఆ దెబ్బలకు చిట్లిపోయేది.

30 గ్రాముల పిస్టన్ సెకనుకు 30 మీటర్ల వేగంతో వస్తే 13.5 జౌళ్ల శక్తి. సెంటీమీటరు దూరంలో ఆపాలంటే, వెనక గాలి తోపు కలపకుండానే సగటున 1,350 న్యూటన్ల బలం కావాలి. ఏ ప్లాస్టిక్ మాత్రం ఎన్నాళ్లు తట్టుకుంటుంది!

బ్యారెల్‌లో నీరు ఎలాగూ ఉంది కదా, దాన్నే వాడుకున్నాను. పిస్టన్ వచ్చి దూరేలా మూతి దగ్గర గిన్నెలాంటి మామూలు గుంట పెడితే, మధ్యలో ఈటె పోయే రంధ్రం గుండా నీరు తప్పించుకుంటుంది. అందుకే రంధ్రం చుట్టూ గుండ్రటి గాడి తీయించి, పిస్టన్ ముందు అందులో దూరే కాలర్ (ఉంగరంలాంటి అంచు) పెట్టాను. గాడిలో చిక్కిన నీరు కాలర్‌కూ గాడి గోడకూ మధ్య సన్నటి సందులోంచి బయటికి రావాలి. ఆ నిరోధమే బ్రేకు.

అసలు కిటుకు సందు ఆకారంలో ఉంది. నీటి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సందు అంతా ఒకేలా ఉంటే దెబ్బంతా మొదట్లోనే పడుతుంది. అందుకే గాడి నోటి దగ్గర వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ ఇరుగ్గా ఉంచాను. గాడి అడుగున పాలీయురేథేన్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్‌తో పలుచని రింగ్.

నీళ్లలో ముంచాక బుడగలు ఆగేదాకా పేల్చను, చిక్కిన గాలి స్ప్రింగులా ఎగదన్నుతుంది. ఒడ్డున పేల్చడం అసలే కుదరదు. విప్పేముందు గాలి పూర్తిగా వదిలేయాల్సిందే. బ్యారెల్‌లోకి నీరు రానివ్వని వాక్యూమ్ రకం గన్‌లకు ఈ పద్ధతి పనికిరాదు.