ఎండల్లో బయల్దేరే ముందు పాత 911 స్టెప్నీని ఒకసారి లేపండి

పాత పోర్షా 911తో వేసవిలో దూరం వెళ్లేవాళ్లు ఆయిల్ చూస్తారు, బ్రేకులు చూస్తారు, నాలుగు టైర్లలో గాలి చూస్తారు. డిక్కీలో కార్పెట్ కింద పడుకున్న ఐదోదాన్ని మాత్రం ఎవరూ లేపరు. కాలిఫోర్నియా లోపలి లోయల్లో జులై ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పాత రబ్బరు సంగతి బయటపడేది అక్కడే.

911ల్లో 1984 నుంచి 1989 దాకా వచ్చిన కరేరా 3.2 నాకు బాగా తెలిసిన కారు, కాబట్టి దాని గురించే చెబుతాను. ఇంజను వెనకుంటుంది, డిక్కీ ముందుంటుంది. 80 లీటర్లకు తగ్గని పెట్రోల్ ట్యాంకు కూడా అక్కడే. మామూలు చక్రానికి చోటు చాలక, గాలి లేకుండా ముడుచుకుని రిమ్ముకి అతుక్కుని ఉండే టైరు ఇచ్చారు. పంచరైతే దాన్ని బిగించి, సిగరెట్ లైటర్ సాకెట్‌కి 12 వోల్టుల కంప్రెసర్ తగిలించి గాలి కొట్టాలి.

ముడిచి పెట్టిన రబ్బరు ముడతల దగ్గరే పగులుతుంది. ముడిచి ఉన్నంతసేపూ ఆ పగులు కనపడదు. నాది పైకి కొత్తదానిలా నిగనిగలాడుతుండేది. ఒక ఆదివారం గ్యారేజీ ముందు గాలి కొట్టి చూస్తే పక్కగోడలో గోరు దిగేంత చీలికలు! కంప్రెసర్ గొట్టం కూడా ఎండిపోయి బుస్సుమంటోంది. అదే ఏ హైవే పక్కనో, పిల్లల్ని ఎండలో నిలబెట్టి తెలుసుకుని ఉంటే ఎంత టెన్షన్!

ముందుగా తయారీ తేదీ చూడండి. టైరు పక్కగోడ మీద DOT (డాట్) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటే వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. మూడే అంకెలుంటే అది 2000కి ముందుది. ఇంకేం చూడక్కర్లేదు, తీసేయండి. వాడకపోయినా పదేళ్లు దాటిన టైరు మార్చమని కంపెనీలే చెబుతాయి, స్టెప్నీకి మినహాయింపు లేదు. "ఒక్కసారి కూడా రోడ్డెక్కలేదండీ" అని పాతది అమ్మజూపేవాళ్లుంటారు. నలభై ఏళ్లు మడతలో ఉండటం కూడా అరుగుదలే.

కొనేటప్పుడు సైజు 165-15, దాని పక్కన 89పి ఉండాలి. 89 అంటే ఒక్క టైరు 580 కిలోలు మోయగలదని. గాలి ఎంత కొట్టాలో పక్కగోడ మీద, కారు మాన్యువల్లో చూసుకోండి. వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు.

కొందరు పోర్షా వాళ్లదే బాక్స్‌టర్ కారు సన్న స్టెప్నీ, 105/95 ఆర్17, తెచ్చి పెట్టుకుంటారు. నట్లు కూర్చునే వలయం వ్యాసం రెండిటికీ 130 మిల్లీమీటర్లే, కాబట్టి ఎక్కుతుంది. ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ఇంట్లోనే జాకీ ఎత్తి ముందు ఒకసారి, వెనక ఒకసారి బిగించి చేత్తో తిప్పండి, బ్రేకు కాలిపర్‌కి ఎక్కడా తగలకూడదు. డిక్కీ మూత పడుతుందో లేదో కూడా చూడండి. 911 నట్ల అడుగు గుండ్రంగా ఉంటుంది. రిమ్ములో గుంత కూడా అలాగే లేకపోతే నట్టు బిగిసినట్టే ఉండి వదులవుతుంది. బిగింపు 130 న్యూటన్ మీటర్లు. పానా మీద ఎక్కి తొక్కే అలవాటుంటే మానుకోండి, ఆ నట్లు అల్యూమినియంవి.

రోడ్డు మీద వరుస ఇదీ: కారు జాకీ మీద ఉండగానే చక్రం బిగించి, గాలి పూర్తిగా నింపి, ఆ తర్వాతే దించాలి. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాల వేగంలో తేడాని అదుపు చేసే గేర్ల అమరిక) ఉన్న కారులో వెనక పంచరైతే, సైజు తేడా ఉన్న స్టెప్నీతో దగ్గర్లో ఉన్న షాపు దాకానే, మెల్లగా వెళ్లండి. పని అయ్యాక గాలి తీసి వదిలేస్తే అది తనంతట తనే నిదానంగా ముడుచుకుంటుంది. మోకాలితో అదిమి తొందరపెట్టకండి.

మనం నోరారా స్టెప్నీ అంటాం గానీ, అది వేల్స్‌లోని లనెల్లిలో ఒక వీధి పేరు. 1904లో అక్కడే స్టెప్నీ చక్రాలు మొదలయ్యాయి.

ఇక చివరిది. వెనక వెడల్పు చక్రం విప్పాక ముందు డిక్కీ గుంతలో పట్టదు, సీట్లోకే ఎక్కించాలి. బ్రేకు మసి సీటుకి అంటకుండా ఒక పాత దుప్పటి, ఒక జత చేతి తొడుగులు ఇప్పుడే డిక్కీలో పడేయండి.