ప్రాంప్ట్ ఫైల్‌లో మారేదంతా కిందకి నెట్టేయండి

గుంటూరు మిర్చి యార్డు కమిషన్ వ్యాపారుల కోసం వాట్సాప్‌లో జవాబులిచ్చే బాట్ ఒకటి కడుతున్నారనుకోండి. ప్రాంప్ట్ ఫైల్ (ప్రతిసారీ ఏఐకి పంపే సూచనలు) మొదటి లైన్‌లోనే "ఈరోజు తేదీ ఇది, తేజ క్వింటా ధర ఇంత" అని రాశారా, అది మారిన ప్రతిసారీ, కింద ఎన్ని పేజీల నియమాలున్నా, కాషింగ్‌తో (ముందు పంపిన భాగాన్ని దాచుకుని తక్కువ రేటుకి మళ్లీ వాడటంతో) మీకు పైసా మిగలదు. కాష్ మొదటి అక్షరం నుంచి పోల్చుకుంటూ వస్తుంది, ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడితో సరి, ఆ తర్వాతదంతా మళ్లీ పూర్తి రేటుకే.

కాబట్టి పైన టూల్స్ (బాట్ పిలవగలిగే ఫంక్షన్లు) వివరాలు, తర్వాత నియమాలు, ఆ తర్వాత తేజ, 334, 341, తాలు అంటూ రకాల పట్టిక. ఈరోజు ధర, అడిగినవాళ్ల పేరు, వాళ్ల ప్రశ్న చివరి మెసేజ్‌లో. రేపు ధర మారితే పాత మెసేజ్‌ను దిద్దకండి, కొత్త మెసేజ్‌లో చెప్పండి. ఆంత్రోపిక్ వాళ్ల ఏఐ క్లాడ్‌లో వరుస టూల్స్, సిస్టమ్ (నియమాలుండే భాగం), మెసేజ్‌లు కాబట్టి ఒక్కో యూజర్‌కి ఒక్కో టూల్ లిస్టు పంపితే కింద ఉన్నదంతా పోయినట్టే.

ఓపెన్ఏఐలో 1024 టోకెన్లు (మోడల్ లెక్కపెట్టే టెక్స్ట్ ముక్కలు) దాటితే కాషింగ్ దానంతటదే జరుగుతుంది. క్లాడ్‌లో ఎక్కడిదాకా దాచాలో గుర్తు మీరే పెట్టొచ్చు, 4 దాకా. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. గుర్తును రకాల పట్టిక చివర పెట్టాలి. ధర కింద పెట్టారంటే ధర మారిన ప్రతిసారీ మొత్తం కొత్తగా రాయడమే, కాష్‌లో రాతకేమో మామూలు రేటు మీద 25 శాతం అదనం. కాష్ నుంచి చదివితే మాత్రం పదో వంతే. తెలుగు టెక్స్ట్ ఇంగ్లిష్ కంటే ఎక్కువ టోకెన్లు తింటుంది, అందుకే మనకి ఈ లెక్క ఇంకా ముఖ్యం.

క్లాడ్ కాష్ ఆయుష్షు 5 నిమిషాలు, వాడిన ప్రతిసారీ మళ్లీ మొదలు. బేరాలు జోరుగా సాగేటప్పుడు అది చాలు; మెసేజ్‌లు అరగంటకొకటి వస్తుంటే గంట కాష్ చూడండి, దానికి రాత ఖర్చు మామూలు రేటుకి రెట్టింపు.

రెస్పాన్స్‌లోని యూసేజ్‌లో (టోకెన్ల లెక్కలో) కాష్ నుంచి చదివిన టోకెన్లు ఎన్నో ఉంటాయి. వెంటనే పంపిన రెండో రిక్వెస్టుకీ సున్నా వస్తే టెన్షన్ పడకండి, ముందు ఫైల్ కాషింగ్‌కి కావాల్సిన కనీస సైజుకి చేరిందో లేదో చూసి, రెండు రిక్వెస్టులకీ డిఫ్ కొట్టండి (పక్కపక్కన పెట్టి తేడాలు చూడండి): ఎక్కడో దాక్కున్న టైమ్‌స్టాంపో, వరుస మారిన జేసన్ కీలో, ఒక ఖాళీ లైనో దొరుకుతుంది.